పొలంలో పెట్టి చూడండి: వైర్‌లెస్ పరిశోధనలో నా అనుభవ పాఠాలు

సెన్సర్ నెట్‌వర్కుల మీద పీహెచ్‌డీకి చేరిన పిల్లలు ఏటా ఒకరిద్దరైనా నన్ను వెతుక్కుంటూ ఇంటికి వస్తుంటారు. నేను రిటైరైనా వాళ్ల రాక ఆగలేదు. నాకు అదొక సంతోషం. అందరూ అడిగే మొదటి మాట ఒకటే: "సార్, ఇందులో ఇంకా చేయడానికి ఏం మిగిలింది?"

ఈ రంగం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. టవరు లేకుండా, తీగ లేకుండా, పరికరాలు ఒకదాని మాట ఒకటి అందుకుని పక్కదానికి చేరవేస్తూ తమలో తామే అల్లుకునే వల అడ్‌హాక్ నెట్‌వర్క్. ఆ పరికరాలకు నేల తేమనో, వేడినో, వంతెన కంపాన్నో కొలిచే సెన్సర్లు తగిలిస్తే అది సెన్సర్ నెట్‌వర్క్. ఒక్కో పరికరాన్ని నోడ్ అంటాం. పని చేయించేది చిన్న బ్యాటరీ. నా ఉద్యోగ జీవితంలో సగానికి పైగా వీటితోనే గడిచింది. పిల్లలకు విడివిడిగా చెప్పే మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. రూటింగ్ కంటే ముందు రేడియోను తెలుసుకోండి

మన దగ్గర స్కాలర్లు చాలామంది రూటింగ్‌తో, అంటే డేటా ప్యాకెట్ ఏ దారిన వెళ్లాలో తేల్చే పనితో, మొదలుపెడతారు. 1994లో పెర్కిన్స్, ప్రవీణ్ భగవత్ కలిసి డీఎస్‌డీవీ అనే రూటింగ్ ప్రోటోకాల్ ఇచ్చారు. 1996లో జాన్సన్, మాల్ట్జ్‌ల డీఎస్ఆర్ వచ్చింది. 1999లో పెర్కిన్స్, రోయర్‌లు ఏఓడీవీ ప్రచురించారు. అది 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3561 అనే ఇంటర్నెట్ పత్రం అయింది. అప్పటి నుంచి దానికి ముందో వెనకో ఒక అక్షరం చేర్చి కొత్త ప్రోటోకాల్‌గా సమర్పించిన థీసిస్‌లు పరీక్షకుడిగా నా చేతికి ఎన్నో వచ్చాయి. లెక్కలు బాగానే ఉంటాయి, గ్రాఫులూ బాగానే ఉంటాయి. కానీ వాటి కింద ఉన్న రేడియో ఈ భూమ్మీద ఎక్కడా లేని రేడియో.

2004లో డార్ట్‌మత్ కాలేజీకి చెందిన డేవిడ్ కోట్జ్ బృందం ఈ తప్పుడు నమ్మకాలను ఒక జాబితాగా రాసింది. ప్రపంచం చదునుగా ఉంటుంది. రేడియో వినపడే మేర గుండ్రంగా ఉంటుంది. అన్ని రేడియోల దూరం సమానం. నీ మాట నాకు వినపడితే నా మాట నీకు వినపడుతుంది. అసలంటూ వినపడితే పూర్తిగా వినపడుతుంది. దూరం పెరిగే కొద్దీ సిగ్నల్ లెక్క ప్రకారం తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కటీ బయట నిలబడదని వాళ్లు కొలిచి చూపించారు. మొదటి సంవత్సరం స్కాలర్లు ముందు ఆ పేపరు చదవాలి.

చదివాక బయటికి వెళ్లాలి. మా పిల్లలు ఒకసారి మొక్కజొన్న చేలో నడుమెత్తు కర్రలకు నోడ్లు కట్టారు. పైరు మోకాలెత్తు ఉన్నన్నాళ్లూ చేను ఈ చివర నుంచి ఆ చివరకు ప్యాకెట్లు చక్కగా అందాయి. పైరు ఎదిగి యాంటెన్నాను దాటి పూతకు వచ్చేసరికి అవే నోడ్లు, అవే కర్రలు, అదే దూరం, కానీ ప్యాకెట్లు లేవు. ఆకులో ఉన్నదంతా నీరే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు మింగేస్తుంది. చేతిలో నోడ్ పట్టుకున్న అమ్మాయి తన ఒళ్లు అడ్డం వచ్చేలా వెనక్కి తిరిగితే చాలు, ల్యాప్‌టాప్ మీద సిగ్నల్ పడిపోయేది. పక్కకు ఒక్క అడుగు వేస్తే మళ్లీ లేచేది. మధ్యాహ్నం ఎండకు మూసిన ప్లాస్టిక్ డబ్బా లోపల కాగిపోయినప్పుడు సిగ్నల్ ఇంకొంచెం తగ్గేది. ఇవన్నీ ఏ సమీకరణంలో రాయాలి సార్ అని అడిగింది. ముందు నోటుబుక్కులో రాయమన్నాను.

రేడియో అర్థమైతే రూటింగ్ ఎలా మారుతుందో చెప్పడానికి ఎంఐటీ వాళ్ల రూఫ్‌నెట్ మంచి ఉదాహరణ. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఇళ్ల కప్పుల మీద వైఫై యాంటెన్నాలు పెట్టి నడిపిన నెట్‌వర్క్ అది. తక్కువ అంచెల్లో చేరే దారే మంచి దారి అన్నది అప్పటివరకు అందరి పద్ధతి. అంచెలు తగ్గాలంటే ఒక్కో అంచె పొడవు పెరగాలి. పొడవు పెరిగితే లింకు బలహీనపడుతుంది. కాబట్టి ఆ పద్ధతి ఏరి ఏరి బలహీనమైన లింకులనే పట్టుకునేది. 2003లో ఆ బృందం ఈటీఎక్స్ అనే కొలమానం ఇచ్చింది. ప్యాకెట్ చేరి, దానికి రసీదు తిరిగి రావడానికి సగటున ఎన్నిసార్లు పంపాలన్నదే ఆ కొలత. పోను సగం, రాను సగం అందే లింకు అయితే నాలుగుసార్లు పంపాలి. అటూ ఇటూ నూటికి తొంభై అయిదు అందే రెండు అంచెల దారి అయితే మొత్తం రెండుంబావు లోపే సరిపోతుంది. ఇది ఇంటర్ పిల్లలు వేయగల లెక్కే. కానీ లింకులను కొలిచిన వాళ్లకే అది తట్టింది.

2. బ్యాటరీ ఖర్చయ్యేది వినడంలో

ఇది చెబితే కొత్తవాళ్లు నమ్మరు. డేటాషీట్ తెరిచి చూపించాల్సి వస్తుంది. సెన్సర్ నెట్‌వర్క్ పరిశోధనను చాలాకాలం మోసిన టెలోస్ నోడ్‌లో సీసీ2420 అనే రేడియో చిప్ ఉండేది. పూర్తి శక్తితో పంపేటప్పుడు అది తీసుకునేది 17.4 మిల్లీఆంపియర్లు. వినేటప్పుడు 18.8. అంటే పంపడం కంటే వినడమే ఖరీదు. పంపేది రోజుకు కొన్ని క్షణాలు. ఎవరైనా ఎప్పుడైనా పిలుస్తారేమోనని చెవులు రిక్కించి ఉండేది మాత్రం రోజంతా. రెండు పెన్సిల్ బ్యాటరీలు 2500 మిల్లీఆంపియర్ అవర్లు ఇస్తాయనుకున్నా, రేడియో ఆన్‌లోనే ఉంచితే అయిదారు రోజుల్లో ఖాళీ. నూటికి ఒక వంతు సమయమే ఆన్ చేస్తే అవే బ్యాటరీలు ఏడాది దాటుతాయి.

రాత్రి మోటారుకు కరెంటు ఎప్పుడిస్తారో తెలియక రైతు బావి దగ్గర జాగారం చేస్తాడు. వేళ తెలిస్తే హాయిగా నిద్రపోయి ఆ వేళకు లేస్తాడు. 2002లో వే యే, హైడెమన్, డెబొరా ఎస్ట్రిన్ రాసిన ఎస్‌మ్యాక్ అనే ప్రోటోకాల్‌లో ఉన్నది ఆ రెండో రైతు పద్ధతే. ఇరుగుపొరుగు నోడ్లు ఒక వేళ అనుకుని కలిసి లేస్తాయి, కలిసి పడుకుంటాయి. 2004లో బర్క్‌లీ వాళ్ల బీమ్యాక్ ఇంకో దారి పట్టింది. ముందుగా వేళ అనుకోనక్కర్లేదు. ప్రతి నోడ్ అప్పుడప్పుడూ ఒక్క క్షణం లేచి గాలిలో సందడి ఉందా అని చూసి, లేకపోతే పడుకుంటుంది. పంపేవాడు అవతలివాడు లేచేదాకా సరిపోయేంత పొడుగు పిలుపు పిలుస్తాడు. ఆ భారం పంపేవాడిది. రోజుకు నాలుగు మాటలే ఉన్నచోట ఈ బేరం లాభమే. ఎక్కువ మాట్లాడే నెట్‌వర్క్‌లో నష్టం. ఎవరు ఎంతసేపు మేలుకోవాలన్న ఈ ప్రశ్న ఇంకా తీరిపోలేదు, తీరిపోదు కూడా. మీ పరిశోధనకు ఇక్కడ కావలసినంత చోటు ఉంది.

3. సిమ్యులేటర్ చెప్పింది సాక్ష్యం కాదు

ఎన్ఎస్-2 అనే సిమ్యులేటర్ నాకూ అన్నం పెట్టింది, దాన్ని చులకన చేయను. నెట్‌వర్క్ ఎలా ప్రవర్తించవచ్చో ఊహించడానికి సిమ్యులేషన్ కావాలి. ఎలా ప్రవర్తించిందో చెప్పడానికి పనికిరాదు. నోడ్లు ఇష్టం వచ్చిన దిక్కుకు, ఇష్టం వచ్చిన వేగంతో కదులుతాయని అనుకునే రాండమ్ వేపాయింట్ నమూనాను వందలాది పేపర్లు కళ్లు మూసుకుని వాడాయి. సిమ్యులేషన్ సాగే కొద్దీ నోడ్ల సగటు వేగం పడిపోతూ ఉంటుందనీ, కాబట్టి ఫలితాలు నమ్మదగినవి కావనీ 2003లో యూన్, లియు, నోబుల్ నిరూపించారు. 2005లో కుర్కోవ్‌స్కీ, క్యాంప్, కోలాగ్రోసో అయిదారేళ్ల మొబీహాక్ సదస్సు పేపర్లను ముందు వేసుకుని పరిశీలించారు. ఎవరైనా మళ్లీ చేసి చూడగలిగేటట్టు వివరాలు ఇచ్చినవి నూటికి పదిహేను కూడా లేవు. ఆ రంగంలో పేరున్న సదస్సు అది. చిన్న పత్రికల సంగతి మీరే ఊహించుకోండి.

మీ పేపర్‌లో సిమ్యులేటర్ వెర్షన్, రేడియో నమూనా, ఎన్నిసార్లు నడిపారు, ఏ సీడ్‌తో నడిపారు అన్నవి లేకపోతే దాన్ని పంపకండి.

4. పాత పేపర్లు చదవండి

హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య అలోహానెట్ నడిపింది 1971లో. ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపి, ఢీకొంటే ఆగి మళ్లీ పంపే పద్ధతి. దానితో చానెల్‌లో నూటికి 18 వంతులకు మించి వాడుకోలేమని తేలింది. కాలాన్ని గదులుగా విడగొట్టి గది మొదట్లోనే పంపాలని నియమం పెడితే అది రెట్టింపయింది. ఒకరికొకరు వినపడని ఇద్దరు మధ్యవాడి దగ్గర ఢీకొనే చిక్కును టొబాగీ, క్లైన్‌రాక్ 1975లోనే రాశారు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ప్యాకెట్ రేడియో ప్రయోగాలు అదే దశాబ్దంలో మొదలయ్యాయి. ఇవాళ కొత్తదనుకుని మీరు తెచ్చే ఆలోచనల్లో చాలావాటికి తాతలు అక్కడున్నారు.

పీయూష్ గుప్తా, పీఆర్ కుమార్ 2000లో రాసిన పేపర్ మాత్రం తప్పనిసరి. అడ్‌హాక్ నెట్‌వర్క్‌లో నోడ్లు నాలుగింతలైతే ఒక్కో నోడ్‌కు దక్కే వాటా సగానికి పడిపోతుంది, సగం కంటే కాస్త తక్కువకే. ఎంత తెలివైన ప్రోటోకాల్ రాసినా ఆ హద్దు దాటదు. అది తెలిశాక పదివేల నోడ్ల నెట్‌వర్క్ అని ప్రపోజల్ రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. తెలుగు విద్యార్థులకు చేతికి అందే మంచి పుస్తకం ఐఐటీ మద్రాసు నుంచి సి. శివరామ్ మూర్తి, బి.ఎస్. మనోజ్ రాసిన అడ్‌హాక్ వైర్‌లెస్ నెట్‌వర్క్స్. 2004లో వచ్చింది. పునాదుల కోసం ఇప్పటికీ అదే చదవమంటాను.

5. పనిచేయని నెట్‌వర్కుల గురించి రాసినవాళ్లకు దండం పెట్టండి

నెదర్లాండ్స్‌లో కోన్ లాంగెండోయన్, అలీన్ బాగ్గియో, ఒట్టో విసర్ బంగాళాదుంప పొలంలో వందకు పైగా నోడ్లు పెట్టారు. తెగులు రాకముందే వాతావరణాన్ని బట్టి పసిగట్టాలన్నది ఉద్దేశం. సందేశాల్లో చేరినవి నూటికి రెండు. విడివిడిగా బాగా నడిచిన సాఫ్ట్‌వేర్ ముక్కలు కలిపాక ఒకదాన్నొకటి దెబ్బతీశాయి. వాళ్లు దాన్ని దాచిపెట్టలేదు. ఎక్కడ ఏం చెడిందో పూస గుచ్చినట్టు రాసి 2006లో ప్రచురించారు. మన రంగంలో నేను చదివిన వాటిలో ఇంత ఉపకారం చేసిన పేపర్లు తక్కువ.

అమెరికాలోని మెయిన్ తీరంలో గ్రేట్ డక్ ఐలండ్ అనే దీవి ఉంది. పెట్రెల్ అనే సముద్రపక్షి అక్కడ బొరియల్లో గూడు పెడుతుంది. మనిషి అలికిడికి బెదిరి గూడు వదిలేస్తుంది. అందుకే 2002 వేసవిలో బర్క్‌లీ, ఇంటెల్ పరిశోధకులు బొరియల్లో, బొరియల బయట నోడ్లు పెట్టి వచ్చారు. వర్షం, పొగమంచు, ఉప్పుగాలి. నోడ్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. తర్వాత డేటా తిరగేస్తే ఒక విషయం బయటపడింది: చనిపోబోయే నోడ్ ముందుగా గాలి తేమను అసంబద్ధంగా చూపిస్తోంది. డబ్బాలోకి నీరు చేరిందన్నమాట. అంటే తప్పుడు రీడింగులే నోడ్ ఆరోగ్యం గురించి నిజం చెప్పాయి. చెత్త డేటా అని తొలగించి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకే ముడి డేటా ఎప్పుడూ చెరిపేయవద్దంటాను.

ఈక్వెడార్‌లో రెవెంటడోర్ అగ్నిపర్వతం మీద 2005లో హార్వర్డ్‌కు చెందిన మ్యాట్ వెల్ష్ బృందం 16 నోడ్లు పెట్టింది. అవి కంపాలను, పేలుళ్ల శబ్దాన్ని రికార్డు చేశాయి. నోడ్లు గట్టిగానే నిలబడ్డాయి. ఇబ్బంది పెట్టిన వాటిలో ఒకటి, కొండ కింద బేస్ స్టేషన్ దగ్గర కరెంటు పోవడం. ఇంకొకటి, నోడ్ల గడియారాలు ఒకదానితో ఒకటి సరిపోకపోవడం. భూకంప శాస్త్రానికి వేళ తప్పిన డేటా డేటానే కాదు. వాళ్లు ఇంటికి వచ్చాక వేళలను సరిచేసే పద్ధతి తయారుచేసుకోవాల్సి వచ్చింది. మన ఊళ్లలో బేస్ స్టేషన్ లాంటి గేట్‌వే పెట్టే ఎవరైనా ముందు అక్కడి స్విచ్‌బోర్డు చూడాలి. మా గేట్‌వే ప్లగ్ తీసి సెల్‌ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లది తప్పని నేను అనను, ఆ గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు.

6. డేటా ఎవరికి కావాలో వాళ్లతో ముందు కూర్చోండి

కర్ణాటకలో పావగడ తాలూకా ఉంది. మూడు వైపులా ఆంధ్ర నేల, ఇంటింటా తెలుగు, చేలో వేరుశనగ, ఆధారం వానే. బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ కలిసి కామన్‌సెన్స్ నెట్ అనే ప్రాజెక్టును అక్కడి చెన్నకేశవపుర గ్రామంలో చేపట్టాయి. నాకు అందులో నచ్చిన విషయం, నోడ్లు కొనడానికి ముందే రైతుల దగ్గర కూర్చుని మీకేం తెలియాలి అని అడగడం. పదును ఎంత ఉంది, విత్తనం ఎప్పుడు వేయాలి, తెగులు వస్తుందా, దిగుబడి ఎంత రావచ్చు, ఇవీ వాళ్ల ప్రశ్నలు. నేల తేమ 14 శాతం అన్న అంకె రైతుకు జవాబు కాదు. ఆ అంకెను, పంట నమూనాను, వాన అంచనాను కలిపి ఒక సలహాగా మార్చే మనిషి మధ్యలో ఉండాలి. నెట్‌వర్క్ పరిశోధకుడు ఆ మనిషిని, అంటే వ్యవసాయ శాస్త్రవేత్తను, మొదటి రోజు నుంచే పక్కన పెట్టుకోవాలి.

అవసరం తెలిస్తే రూపకల్పన దానంతటదే సులువవుతుందనడానికి ఐఐటీ కాన్పూర్‌లో కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్‌ల బృందం 2008లో ప్రచురించిన బ్రైమాన్ సాక్ష్యం. రైలు వంతెన కంపాన్ని కొలవడం పని. రైలు వచ్చినప్పుడే కొలవాలి, మిగతా వేళంతా నోడ్లు పడుకోవచ్చు. కొలిచిన డేటాను ఊరికి దూరంగా ఉన్న వంతెన దగ్గర నుంచి పంపేదెలా? ఆ వచ్చీపోయే రైలుకే ఇచ్చి పంపవచ్చు. ఎంత చక్కని ఆలోచన! అదే ఏడాది రామన్, చేబ్రోలు ఇద్దరూ ఇంకో వ్యాసంలో, ఏ పనికో తెలియకుండా రాసే సెన్సర్ ప్రోటోకాల్ పేపర్లను గట్టిగా విమర్శించారు. పెద్దవాళ్లకు కోపం వస్తుందని వెనకాడలేదు. వాళ్లు అడిగినవి ఈనాటికీ అడగాల్సిన ప్రశ్నలే.

7. టవర్లు ఆగిపోయిన రోజు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. పక్క వీధిలో ఉన్న అక్కయ్య క్షేమమో కాదో తెలుసుకోవడానికి కూలిన చెట్లు దాటుకుంటూ నడిచి వెళ్లాల్సి వచ్చింది. ప్రతి ఇంట్లో రెండేసి రేడియోలున్న ఫోన్లు. ఆ ఫోన్లే ఒకదానికొకటి మాట అందించుకుంటే చాలు. మేం ఏళ్ల తరబడి పేపర్లలో రాసింది సరిగ్గా ఇలాంటి రోజు గురించే. ఆ రోజు ఊళ్లో అలాంటి నెట్‌వర్క్ ఒక్కటి కూడా లేదు.

ఎందుకు లేదో తర్వాత చాలా ఆలోచించాను. చార్జింగ్ దొరకని రోజున తన ఫోన్ బ్యాటరీని ముక్కూమొహం తెలియనివాళ్ల సందేశాలకు ఖర్చుపెట్టమని ఎవరిని అడుగుతాం? ఆ యాప్ అంతకుముందే అందరి ఫోన్లలో ఉండాలి. ఇంటర్నెట్ ఆగాక దించుకోలేం. మామూలు రోజుల్లో ఎవరూ తాకని వ్యవస్థ తుపాను రోజున లేచి పనిచేయదు. హ్యామ్ రేడియో వాళ్లు విపత్తుల్లో అక్కరకు వస్తున్నారంటే, మిగతా రోజుల్లోనూ ఆ సెట్ల ముందు కూర్చుంటారు గనకే. కాబట్టి విపత్తు నెట్‌వర్క్ మీద పరిశోధించే పిల్లలు ముందు జవాబు చెప్పాల్సింది, మీ నెట్‌వర్క్‌ను జనం మామూలు రోజున ఎందుకు వాడాలి అన్నదానికి. దివిసీమ ఉప్పెనను చూసిన తీరం మనది. ఈ పని మన విశ్వవిద్యాలయాలే చేయాలి.

8. పనిముట్టు మీద మమకారం వద్దు

పాతికేళ్ల కిందట అంచెలంచెలుగా చేరవేయడమే సెన్సర్ నెట్‌వర్క్‌కు నిర్వచనం అనుకున్నాం. తర్వాత లోరా అనే రేడియో పద్ధతి వచ్చింది. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్‌లో, కొద్దిపాటి డేటాను ఒకే అంచెలో కిలోమీటర్ల దూరం పంపుతుంది. గంటకోసారి నేల తేమ చెప్పే పొలానికి అదే మేలు. అక్కడ మెష్, అంటే అంచెలంచెల వల, కట్టడం దండగ. మరి మెష్ పోయిందా? ఇళ్లకు బిగిస్తున్న స్మార్ట్ మీటర్లలో కొన్ని పక్క మీటరు ద్వారానే రీడింగ్ పంపుతున్నాయి. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6550గా వచ్చిన ఆర్‌పీఎల్ రూటింగ్ ఆ తరహా నెట్‌వర్కులకు వెన్నెముక. ఏది ఎక్కడ పనికొస్తుందో పని నిర్ణయించాలి.

9. నోటుబుక్కు

నోడ్ నంబరు, పెట్టిన ఎత్తు, యాంటెన్నా దిక్కు, బ్యాటరీ వోల్టేజీ, ఆకాశం, పైరు ఎత్తు, ఎవరు పెట్టారు. ప్రతిసారీ, అక్కడికక్కడే, పెన్నుతో.

10. గైడ్లకు ఒక విన్నపం

ఇది పిల్లలకు కాదు, నా తర్వాత ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు. పొలానికో, వంతెనకో వెళ్లి నోడ్లు పెట్టిన స్కాలర్‌కు ఏడాది గడిచినా పేపర్ రాకపోవచ్చు. గదిలో కూర్చుని సిమ్యులేషన్ నడిపినవాడికి ఈలోపు మూడు వస్తాయి. ఇద్దరినీ ఒకే కొలతతో కొలిస్తే మొదటివాడు మళ్లీ బయటికి వెళ్లడు. నోడ్లకు డబ్బు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు, డిపార్ట్‌మెంట్ కంటింజెన్సీ నిధిలో పది నోడ్లు కొనవచ్చు. కరువైంది సమయం, దాన్ని ఇవ్వాల్సింది మీరు. డాక్టరల్ కమిటీలో ప్రతి స్కాలర్‌నూ ఒక సీజన్ పాటు ఒక నిజమైన చోట కొలిచిన డేటా చూపించమని అడగండి. అది పనిచేయని నెట్‌వర్క్ డేటా అయినా థీసిస్‌లో ఒక అధ్యాయంగా ఒప్పుకోండి. ఆ డేటాను మీ విభాగం వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో పెట్టండి, పక్క జిల్లా కాలేజీ పిల్లలు కూడా దానిమీద పని చేసుకుంటారు.